“రేపటి నుంచి పంపకండి”

(బారువలో జరిగిన మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతికి విషయాలు నిర్ణయిస్తున్నప్పుడు, ఆటిజం ఉన్న పిల్లల చదువు గురించి, నిలకడగా కూర్చోలేని పిల్లల చదువు గురించి ఒక గంట కేటాయించమని నేను అడిగాను. మన కార్యవర్గంలోనే ఇద్దరు ముగ్గురు అక్కలు “అది డాక్టర్లు చూసుకునే విషయం కదమ్మా, ఆడవాళ్ళ హక్కుల సంఘానికి దానితో ఏం పని?” అన్నారు. వాళ్ళని నేను తప్పుపట్టను. పాతికేళ్ళు ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెప్పిన నేను కూడా ఒకప్పుడు అంతకంటే గొప్పగా ఏమీ ఆలోచించలేదు. మనం ఇక్కడ సారా గురించి మాట్లాడుకున్నాం. జీడి ఫ్యాక్టరీల్లో కూలి రేట్ల గురించి మాట్లాడుకున్నాం. ఉద్దానం ఊళ్ళల్లో కిడ్నీ జబ్బు గురించి, డయాలసిస్ కోసం భర్తల్ని తీసుకుని తిరిగే ఆడవాళ్ళ గురించి మాట్లాడుకున్నాం. ఈ విషయం కూడా వాటితోపాటే ఎందుకు మాట్లాడుకోవాలో ఒక ఇంటి సంగతి చెప్తే మీకే తెలుస్తుంది.

పలాసకు దగ్గరలో ఒక ఊరు. పేరు చెప్పను. ఆ తల్లి జీడి ఫ్యాక్టరీలో పప్పు పొట్టు తీసే పనికి వెళ్తుంది. కిలోల లెక్కన కూలి. భర్త వలస పనిలో ఉంటాడు, పండక్కి వస్తాడు. కూతురికి పన్నెండేళ్ళు, కొడుక్కి ఏడు. కొడుకు పిలిస్తే తిరిగి చూడడు. “నీ పేరేటి?” అని అడిగితే “నీ పేరేటి?” అని మన ప్రశ్నే మనకి తిరిగి అప్పజెప్తాడు. ఒకసారి చూసిన బస్సు నంబరు మాత్రం నెల తర్వాతైనా తప్పు లేకుండా చెప్తాడు. బడి గంట కొడితే రెండు చెవులూ మూసుకుని బల్ల కిందకి దూరతాడు. ఒకరోజు గంట మోగగానే గేటు దాటి రోడ్డు మీదకి పరిగెత్తాడు. ఆ సాయంత్రం తల్లిని పిలిపించి, “రేపటి నుంచి పంపకండి. ఏదైనా అయితే మా ఉద్యోగాలు పోతాయి. కావాలంటే మీరే వచ్చి పక్కన కూర్చోండి” అన్నారు.

ఆవిడ వెళ్ళి కూర్చుంది. పదకొండు రోజులు, మూడో తరగతి పిల్లల మధ్యన, కొడుకు చెయ్యి పట్టుకుని నేల మీద కూర్చుంది. పన్నెండో రోజు ఫ్యాక్టరీలో నీ చోటుకి వేరే మనిషిని పెట్టుకుంటాం అన్నారు. పదమూడో రోజు నుంచి వాడు ఇంట్లో ఉన్నాడు. వాడికి కాపలాగా వాళ్ళక్క ఇంట్లో ఉంది. ఏడో తరగతి చదివే పిల్ల. ఆ పిల్లని బడి మానమని ఎవరూ అనలేదు. అనవలసిన అవసరం రాలేదు.

నేను వెళ్ళినప్పుడు ఆ తల్లి అన్నమాట ఇది: “పంతులమ్మా, గుంటడికి సదువు వస్తాదో రాదో నాను సెప్పలేను. గుంటకి వస్తాది కదా. దానిదీ పోనాది.”

బడి ఒక పిల్లవాణ్ణి వద్దంది. ఇద్దరు పిల్లలు చదువు మానారు. ఆ తల్లి రోజు కూలి కాస్తా దొరికిన రోజు కూలి అయింది. ఇందులో ఇంకో సంగతి ఉంది. వాడి పేరు బడి రిజిస్టర్లోంచి తియ్యలేదు. కాబట్టి లెక్కల్లో వాడు బడి మానేసిన పిల్లవాడు కాడు. ఇలాంటి పిల్లలు మన మండలంలో ఎంతమంది అని ఏ ఆఫీసులో అడిగినా జవాబు దొరకదు.

ఆటిజం అనే మాట కొందరికి కొత్తగా ఉండొచ్చు. ఇది అంటుకునే జబ్బు కాదు, పిచ్చి కాదు, గాలీ ధూళీ సోకడం కాదు. పుట్టుకకు ముందు నుంచే మెదడు ఎదుగుదలలో ఉండే తేడా. ఎదుటివాళ్ళ ముఖం, గొంతు, సైగ మనం గ్రహించినంత సులువుగా ఆ పిల్లలు గ్రహించలేరు. చప్పుడు, వాసన, తాకిడి కొందరికి భరించలేనంతగా ఉంటాయి. రోజూ జరిగేది రోజూ అలాగే జరగాలి, లేకపోతే తట్టుకోలేరు. కొందరికి మాటలు రావు, కొందరికి ధారాళంగా వస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అంచనా ప్రకారం 127 మందిలో ఒకరికి ఆటిజం ఉంది. ఏ.డి.హెచ్.డి. అనేది ఇంకొకటి. దృష్టి ఒకచోట నిలవకపోవడం, కుదురుగా కూర్చోలేకపోవడం, ఆలోచించే లోపలే చేసెయ్యడం. రెండూ ఒకే పిల్లలో ఉండవచ్చు. ఏ.డి.హెచ్.డి.కి మానసిక వైద్యులు రాసే మందులు చాలామందికి పనిచేస్తాయి. ఆటిజాన్ని పోగొట్టే మందు లేదు. పోగొడతామని వేలు గుంజేవాళ్ళు మాత్రం పెద్ద ఊళ్ళల్లో చాలామంది బోర్డులు పెట్టారు.

రోజు తప్పితే తట్టుకోలేరు అంటే మనకి అర్థం కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొట్టిన మర్నాడు మీలో చాలామంది ఈ దారుల్లోనే నడిచారు. పుట్టి పెరిగిన ఊళ్ళో మన ఇంటికి దారి మనకే తెలియలేదు. ఇక్కడ మలుపు తిరగాలి అని చెప్పే కొబ్బరి చెట్లు, జీడి తోటలు నేల మీద పడి ఉన్నాయి. కాళ్ళు ఆడలేదు, ఏడుపొచ్చింది. చెప్పకుండా పీరియడ్ మార్చేస్తే, రోజూ కూర్చునే చోటు మార్చేస్తే ఆ పిల్లవాడికి అలాగే ఉంటుంది. మనకి ఒక్కసారి వచ్చింది, వాడికి రోజూ వస్తుంది. మనం దాన్ని మొండితనం అంటాం.

మొండితనం అన్నాక తర్వాతి మాట ఏమిటో మీకు తెలుసు. పెంపకం. పెంపకం అంటే తండ్రి కాదు, తల్లి. నాలుక మందంగా ఉంది, చిన్నప్పుడు వస పొయ్యలేదా అని అత్తగారు అడుగుతుంది. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూశావా అని పొరుగింటావిడ అడుగుతుంది. సెల్‌ఫోను ఇచ్చి పాడుచేశావు అని చదువుకున్నవాళ్ళు అంటారు. టీకా వేయించావు కాబట్టే వచ్చిందని ఇంకొకరు. ఆ టీకా పుకారుకి ఆధారమైన 1998 నాటి వ్యాసాన్ని అచ్చువేసిన లాన్సెట్ పత్రికే 2010లో దాన్ని ఉపసంహరించుకుంది. పుకారు మాత్రం ఇంకా మన ఊళ్ళల్లో తిరుగుతూనే ఉంది.

ఇది పల్లెటూరి అజ్ఞానం అనుకోకండి. చదువుకున్న దేశాల్లో పెద్ద పెద్ద డాక్టర్లు ఇంతకంటే ఘోరంగా అన్నారు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు పదకొండు మంది పిల్లల్ని వర్ణిస్తూ రాసిన వ్యాసంతో ఆటిజం అనే మాట ప్రచారంలోకి వచ్చింది. అంతకు పద్దెనిమిదేళ్ళ ముందే, 1925లో, సోవియట్ దేశంలో సుఖరేవా అనే మహిళా వైద్యురాలు ఇలాంటి పిల్లల గురించి ఎంతో నిశితంగా రాసింది. ఆమె పేరు చాలాకాలం ఎవరూ తలచుకోలేదు, అది మనకి కొత్త సంగతి కాదనుకోండి. తర్వాత కానరే తల్లిదండ్రుల్లో ప్రేమ చల్లగా ఉండటం గురించి రాశాడు. దాన్ని పట్టుకుని “రిఫ్రిజిరేటర్ తల్లులు” అనే మాట పుట్టింది. 1967లో బ్రూనో బెటిల్‌హైమ్ తల్లి నిరాదరణ వల్లే బిడ్డ ఇలా అయిందని ఒక పుస్తకమే రాశాడు, దానికి గొప్ప పేరొచ్చింది. అది శుద్ధ తప్పు అని 1964లోనే బెర్నార్డ్ రిమ్లాండ్ చూపించాడు. ఆయన మనస్తత్వ శాస్త్రవేత్త, అలాంటి బిడ్డకి తండ్రి కూడా. ఇంగ్లండులో 1962లో తల్లిదండ్రులు కలిసి సంఘం పెట్టారు. అందులో ఒకరైన లోర్నా వింగ్ వైద్యురాలు, తల్లి. ఆటిజం ఒకే మూసలో ఉండదు, ఎన్నో స్థాయిల్లో ఉంటుంది అని ఇవాళ మనం చెప్పుకునే మాట ఆమె పెట్టిన భిక్షే. మన దేశంలో 1991లో ఢిల్లీలో ‘యాక్షన్ ఫర్ ఆటిజం’ మొదలుపెట్టిన మెర్రీ బరువా కూడా తల్లే. ఇంటిపేరులో మన ఊరు వినిపిస్తుందని నాకు అదో తృప్తి.

నేను ఇంతసేపూ ఎవరెవరి తప్పులో చెప్పాను. నా తప్పు కూడా చెప్పాలి.

ఇరవై ఏళ్ళ కిందట నా తరగతిలో మత్స్యకారుల ఇంటి పిల్లవాడు ఒకడుండేవాడు. పలక మీద రెండక్షరాలు రాసేసరికి లేచిపోయేవాడు. పక్కవాడి బలపం తీసుకునేవాడు, కిటికీ ఎక్కేవాడు, జవాబు తెలిస్తే ప్రశ్న పూర్తి కాకుండానే అరిచేవాడు. జవాబు తరచుగా సరైనదే. నేను వాణ్ణి వరండాలో నిలబెట్టేదాన్ని. మొదట పది నిమిషాలు, తర్వాత పీరియడ్, ఆ తర్వాత వాడే బడికి రాగానే అలవాటుగా వరండాలో నిలబడేవాడు. ఆటల పీరియడ్ కూడా ఇవ్వలేదు. కుదురు లేని పిల్లవాడికి ఉన్న ఒక్క ఊపిరీ అదేనని నాకప్పుడు తెలియదు. వాళ్ళమ్మ చేపల తట్ట దించి బడి గుమ్మం దగ్గర నిలబడితే, “పెంపకం సరిగ్గా లేదమ్మా” అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు, తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. నాలుగో తరగతిలో వాడు రావడం మానేశాడు. నేను కబురు పెట్టలేదు. నిజం చెప్పాలంటే తరగతి నెమ్మదించిందని సంతోషించాను.

నాలుగేళ్ళ కిందట ఈ బారువ తీరంలోనే కనబడ్డాడు. వలలు సర్దుకుంటున్నాడు. “బాగున్నారా పంతులమ్మ గారూ” అని లేచి నిలబడి, బనీను జేబులోంచి బ్యాంకు ఫారం తీసి, నింపిపెట్టమని అడిగాడు. నింపాను. సంతకం పెట్టే చోట వేలిముద్ర వేశాడు.

ఈ మార్పు నాకు పుస్తకాల వల్ల రాలేదు. ఉద్యోగం చివరి ఏళ్ళల్లో మా మండలంలోని భవిత కేంద్రం నుంచి ఒక అమ్మాయి వారానికి ఒకసారి మా బడికి వచ్చేది. ఒప్పంద పద్ధతి మీద పనిచేసే ఐ.ఇ.ఆర్.టి. టీచరు. అప్పుడు నా తరగతిలో ఆటిజం ఉన్న పిల్లవాడు ఒకడున్నాడు. ఆ అమ్మాయి నాకు ఉపన్యాసం ఇవ్వలేదు. ఒక అట్టముక్క మీద వరసగా ఆరు బొమ్మలు వేసి గోడకు తగిలించింది. ప్రార్థన, పలక, పుస్తకం, అన్నం, ఆట, ఇల్లు. ఒక్కొక్కటి అయిపోగానే వాడే వెళ్ళి ఆ బొమ్మ మీద బట్టల క్లిప్పు పెట్టాలి. ఇల్లు బొమ్మ ఎక్కడుందో కనబడుతోంది కాబట్టి వాడు గేటు వైపు పరిగెత్తడం తగ్గించాడు. అంతే. ఖర్చు ఎంతో మీరే లెక్కగట్టుకోండి.

గంట కొట్టడానికి ముందు వాడి భుజం తట్టి “గంట కొడతారు” అని చెప్పమంది. కుర్చీ గంటకి దూరంగా, నా బల్లకి దగ్గరగా వేయించింది. “పుస్తకం తీసి, పదో పేజీ తెరిచి, మొదటి లెక్క చెయ్యి” అని మూడు పనులు ఒక్కసారి చెప్పొద్దు, ఒకటి చెప్పి అది అయ్యాక రెండోది చెప్పండి అంది. నా కళ్ళల్లోకి చూడకపోతే వినడం లేదని కాదు, చూడకుండా ఉంటేనే వినగలడు అంది. భోజనాల దగ్గర గుడ్డు వాసనకి వాడికి వాంతి వచ్చేది. పొగరు అనుకున్నాం. కొంచెం దూరంగా కూర్చోబెడితే అన్నం తిన్నాడు. తరగతిలో ఒక జత పిల్లని చూపించింది. ఆ పిల్లే వాడితో నీళ్ళకి వెళ్ళేది, ఆ పిల్లే వాడి మాటలు మాకు అర్థం చెప్పేది. పిల్లలకి మనం నేర్పక్కర్లేదు, అడ్డుపడకుండా ఉంటే చాలు.

నా వైపు నుంచి పొరపాట్లు జరుగుతూనే ఉన్నాయి. ఒకరోజు గోలగా ఉంటే, మనందరం అనేమాటే, “నోరు కుట్టేస్తాను” అన్నాను. మిగతా పిల్లలు నవ్వారు. వాడు రెండు చేతులతో నోరు మూసుకుని సాయంత్రం దాకా తియ్యలేదు, రాత్రి అన్నం తినలేదని మర్నాడు వాళ్ళమ్మ చెప్పింది. వాడికి మాట అంటే మాటే. అందులో సామెత ఉందని, కోపం లేదని వాడికి ఎలా తెలుస్తుంది?

కుదురు లేని పిల్లలకి కూడా మార్గాలు ఇలాంటివే. కిటికీకీ, గుమ్మానికీ దూరంగా కూర్చోబెట్టడం, పెద్ద పని ముక్కలు చేసి ఇవ్వడం, మధ్యలో లేచి తిరిగే పని చెప్పడం. సుద్దముక్కలు తెమ్మనండి, హాజరు పట్టీ పక్క గదికి తీసుకెళ్ళమనండి. లేవవద్దని రోజంతా వాడితో కుస్తీ పట్టేకంటే, మనమే ఒక కారణం చూపించి లేపడం నయం. ఆటల పీరియడ్ మాత్రం శిక్షగా ఎప్పుడూ తీసెయ్యకూడదు. వరండాలో నేను నిలబెట్టిన పిల్లవాడికి ఇవేవీ చెయ్యలేదు నేను.

ఇక్కడ ఆడపిల్లల గురించి వేరుగా చెప్పాలి. కుదురు లేని మగపిల్లవాడు కిటికీ ఎక్కుతాడు కాబట్టి మన కళ్ళల్లో పడతాడు. అదే ఇబ్బంది ఉన్న ఆడపిల్ల చాలాసార్లు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటుంది. అల్లరి లేదు కాబట్టి మంచి పిల్ల అంటాం. పుస్తకం మరిచిపోతుంది, చెప్పింది సగం వింటుంది, లెక్క మధ్యలో వదిలేస్తుంది. మొద్దు అంటాం. ఆటిజం ఉన్న ఆడపిల్లలు కూడా పక్కపిల్లల్ని చూసి నవ్వడం, తల ఊపడం నేర్చుకుని తమ ఇబ్బందిని కప్పిపుచ్చుకుంటారు. ఎక్కడైనా ఆడపిల్లల్లో దీన్ని గుర్తించడం తక్కువ, ఆలస్యం. ఆ ఆలస్యం మన దగ్గర ఎలా ముగుస్తుందో మీకు తెలుసు. పదో తరగతి తప్పుతుంది, సంబంధం చూస్తారు. బాల్యవివాహం ఆపడానికి మనం పెళ్ళిపందిరి దాకా పరిగెడతాం. అంతకు ఐదేళ్ళ ముందు వెనక బెంచీలో ఆ పిల్ల ఏం చేస్తోందో ఎవరం చూడం.

ఇప్పుడు చట్టం. దయచేసి రాసుకోండి, ఇది రేపు మనకి పనికొచ్చేది.

1995 వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. ఆటిజం అందులో లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో మొదటిసారి ఆ పేరు వచ్చింది. 2016 చట్టంలో 21 రకాలు చేర్చారు, అందులో ఆటిజం ఉంది, చదవడం రాయడంలో ప్రత్యేకమైన ఇబ్బందులూ ఉన్నాయి. అది 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. దివ్యాంగులు అని కొత్తగా పిలుస్తున్నారు. పేరు మారినంత సులువుగా బడి గేటు తెరుచుకోలేదు. చదువు హక్కు విషయానికొస్తే, 1993లో ఉన్నికృష్ణన్ కేసులో, అది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీద వేసిన కేసే, పద్నాలుగేళ్ళ లోపు చదువు ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది.

గుర్తుపెట్టుకోవడానికి ఒక సులువు ఉంది. రెండు చట్టాల్లోనూ 16, 17 సెక్షన్లు చూడండి. విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్: ఎలిమెంటరీ విద్య పూర్తయ్యే దాకా ఏ పిల్లనీ బడి నుంచి తీసెయ్యకూడదు. పైతరగతికి పంపకుండా ఆపే విషయంలో 2019లో సవరణ తెచ్చారు గానీ, తీసెయ్యకూడదనే మాట అలాగే ఉంది. 17వ సెక్షన్: కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు. వరండాలో నిలబెట్టడం దాని కిందకి వస్తుందని నన్నడిగితే చెప్తాను. 2016 చట్టం 16వ సెక్షన్: ప్రభుత్వ బడులైనా, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు బడులైనా వివక్ష లేకుండా చేర్చుకోవాలి, ఆ పిల్లకి అవసరమైన సర్దుబాట్లు చెయ్యాలి. 17వ సెక్షన్: ఐదేళ్ళకోసారి పిల్లల సర్వే చెయ్యాలి, టీచర్లకి శిక్షణ ఇవ్వాలి. కాబట్టి “రేపటి నుంచి పంపకండి” అనేది సలహా కాదు. నోటిమాటతో చేసిన బహిష్కరణ. కాగితం మీద రాసివ్వమని అడిగి చూడండి, ఎవరూ రాసివ్వరు.

“ఇంటి దగ్గరే చదువు చెప్పించవచ్చని చట్టంలో ఉంది కదా” అని ఒక్కోచోట మనకే ఎదురు చెప్తారు. ఉంది. 2012 సవరణలో, తీవ్రమైన వైకల్యం ఉన్న పిల్లలకి ఇంటి దగ్గర చదువుకునే హక్కు ఇచ్చారు. అది పిల్లల హక్కు. పిల్లని వదిలించుకోవడానికి బడికి ఇచ్చిన హక్కు కాదు.

ఇక సర్టిఫికెట్. ఆటిజాన్ని కొలవడానికి మన దేశానికి తగిన నలభై అంశాల పద్ధతిని తయారుచేసింది సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థే. ఇవాళ సర్టిఫికెట్ దాని ప్రకారమే ఇస్తారు. కానీ బారువ నుంచి జిల్లా కేంద్రం సుమారు వంద కిలోమీటర్లు. విశాఖపట్నం అంతకు రెట్టింపు. చప్పుడు భరించలేని పిల్లవాణ్ణి రెండు బస్సులు మార్చి, ఆస్పత్రి వరండాలో మూడు గంటలు కూర్చోబెట్టి, ఆ తర్వాత డాక్టరు ముందు “వీడు మామూలుగా ఎలా ఉంటాడో చూపించు” అంటే ఏం చూపిస్తుంది ఆ తల్లి? ఆ రోజు కూలి పోతుంది, స్లాట్ మారితే ఇంకో రోజు కూలి పోతుంది. అయినా సర్టిఫికెట్ కోసం తిరగాల్సిందే. 40 శాతం ఉంటే పెన్షన్ వస్తుంది, 2024 జూలై నుంచి అది ఆరు వేలు. పబ్లిక్ పరీక్షల్లో రాసిపెట్టే మనిషి, గంటకి కనీసం 20 నిమిషాల అదనపు సమయం కావాలన్నా ఆ కాగితమే ఆధారం. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆ సమయం సంగతి ఉంది.

కానీ తరగతిలో అట్టముక్క మీద బొమ్మలు వెయ్యడానికి సర్టిఫికెట్ అక్కర్లేదు. ఇక్కడే మనం మోసపోతున్నాం. ముందు కాగితం తెండి, తర్వాత చూద్దాం అంటారు. 40 శాతం అనే గీత పెన్షన్లకీ, రిజర్వేషన్లకీ గానీ, బడిలో మనిషిగా చూడటానికి కాదు. ఏ.డి.హెచ్.డి. సంగతి ఇంకా విచిత్రం. 2016 చట్టం 21 రకాల జాబితాలో ఆ పేరు లేదు. అదే ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన ఆర్.బి.ఎస్.కె. పథకంలో, అంగన్‌వాడీలకీ బడులకీ వచ్చి పిల్లల్ని పరీక్షించే వైద్య బృందం చూడవలసిన 30 రకాల ఇబ్బందుల్లో ఆటిజం, ఏ.డి.హెచ్.డి. రెండూ ఉన్నాయి. అంటే ఒక శాఖ వెతకమంటుంది, ఇంకో శాఖకి ఆ పేరే తెలియదు. ఆ పిల్లవాడికి సర్టిఫికెట్ రాదు, అయినా వాడు పద్నాలుగేళ్ళ లోపు పిల్లవాడే. విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ వాడికీ వర్తిస్తుంది.

టీచర్ల గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం. ఒకే టీచరు ఉన్న బడిలో ఐదు తరగతుల పిల్లల్ని పెట్టుకుని, భోజనాలు చూస్తూ, ఫోన్లో ఫొటోలు ఎక్కిస్తూ ఉన్న మనిషిని పట్టుకుని “మీరు అమానుషులు” అనడం సులువు. అది తేలేది మనుషుల కొరత దగ్గరే. ప్రత్యేక ఉపాధ్యాయుల పోస్టులు సృష్టించాలని 2021 అక్టోబరు 28న రజనీష్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తర్వాత ప్రాథమిక స్థాయిలో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒకరు, ప్రాథమికోన్నత స్థాయిలో పదిహేను మందికి ఒకరు అని కేంద్రం నిష్పత్తి నిర్ణయించింది. మన రాష్ట్రంలో 2025లో 2,260 పోస్టులు మంజూరు చేశారు. రాష్ట్రంలో మండలాలెన్నో, బడులెన్నో గుర్తుతెచ్చుకుంటే ఒక్కొక్కరికి ఎన్ని ఊళ్ళు వస్తాయో ఊహించవచ్చు. వారానికి ఒకసారి వచ్చే ఆ అమ్మాయి రోజూ రావాలని అడగడం టీచర్లకి వ్యతిరేకం కాదు, వాళ్ళతో కలిసి అడగవలసిన విషయం.

మనం ఏం చెయ్యగలం అంటే, నాకు తెలిసినంతలో మూడు చోట్ల మన చెయ్యి ఇప్పటికే ఉంది. అంగన్‌వాడీ అక్కలు మనవాళ్ళు. రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలిపి అనని పిల్లని, పేరు పెట్టి పిలిస్తే తిరగని పిల్లని మొదట చూసేది వాళ్ళే. 2023 నవంబరులో కేంద్రం ఇలాంటి పిల్లల కోసం అంగన్‌వాడీలకి ప్రత్యేక విధానం ప్రకటించింది కూడా. రెండోది, బడి యాజమాన్య కమిటీ. చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. ఉన్నారు, సంతకాలు పెడుతున్నారు. రిజిస్టర్లో పేరుండి తరగతిలో లేని పిల్లలెవరు అని వచ్చే సమావేశంలో ఒక్కసారి అడగండి. మూడోది అర్జీ. నోటితో చెప్పొద్దు, రాసివ్వండి, రసీదు తీసుకోండి. విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ ప్రకారం మూడు నెలల్లో తేల్చాలి. 2010 జూలైలో సోంపేట బీల కోసం పోలీసుల ఎదుట నిలబడ్డ ఆడవాళ్ళున్న ప్రాంతం ఇది. ఒక హెడ్మాస్టరు గది గుమ్మం దాటడానికి భయపడతారని నేననుకోను.

నేను మొదట చెప్పిన ఆ ఇంటి సంగతి ఇంకా తేలలేదు. రేపు ఉదయం ఆ తల్లితో కలిసి బడికి వెళ్తున్నాను. అర్జీ రాసి ఉంచాను. ఒక ప్రతి హెడ్మాస్టరుకి, ఒకటి ఎం.ఇ.ఓ.కి. అందులో పిల్లవాడి పేరుతోపాటు వాళ్ళక్క పేరు కూడా రాశాం, అన్ని రోజుల హాజరూ పోయిందని రాశాం. బొమ్మల అట్ట నిన్న రాత్రి నేనే తయారుచేశాను, గంట బొమ్మ కూడా వేశాను. బడివాళ్ళు కోప్పడవచ్చు, కూర్చోబెట్టి మాట్లాడనూ వచ్చు. నాతోపాటు ఇంకో ముగ్గురైనా ఉంటే బాగుంటుంది. ఏడున్నరకి సోంపేట బస్టాండులో ఉంటాను.